పసుపు బిళ్ళలు

నెలకో మంగళవారం డండీలో
బౌలింగ్ క్లబ్బు వెనకగదిలో కలుస్తాం.
తలుపు పక్కన మేకుకి పాత పలక ఒకటి.
మంటలోకి పోయేవాడు తన పేరున్న పసుపు బిళ్ళ
దానికి గుచ్చి పోవాలి,
వచ్చాక తీసుకోవాలి.
బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలున్నట్టు.
టీకొచ్చినా ఇప్పుడదే పద్ధతి.
డాడ్ గౌర్లే పెట్టిన రూలు, ఎవరూ కాదనలేదు.

నేను మంట దగ్గరికి ఏనాడూ పోలేదు.
ఇరవై ఆరేళ్ళు కంట్రోల్ రూమ్‌లో
హెడ్‌సెట్ చెవికి తగిలించుకుని
నిప్పుని విన్నదాన్ని.
అందుకేనేమో కబుర్ల పని నాకు అంటగట్టారు.
ముందటి ఆదివారం వరసగా ఫోన్లు చేస్తాను.
"చెప్పండి, మంటెక్కడ?"
"ఎడమ మోకాల్లో," అంటాడు ఫెర్గస్ లోగీ.
"మా ఆవిడ నోట్లో. నెమ్మదిగా మాట్లాడు, పక్కనే ఉంది," ఇన్నెస్.
మంగో పీట్రీ చెవిమిషను కొన్నాడట,
సొరుగులో పెట్టి తాళం వేశాడట.
సైరన్లు తినేయగా మిగిలిన చెవితో
నా ప్రశ్నకి కాక మరేదో ప్రశ్నకి జవాబు చెబుతాడు.
పింఛను కాగితం ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదు,
ఎవరి మనవరాలు శిక్షణలో చేరింది,
అన్నీ రాసుకుంటాను.
రాయనిది ఒకటుంది:
మాటకీ మాటకీ మధ్య వాళ్ళ ఊపిరి.
పోయిన నెలకంటే ఎంత పొట్టిదైందో
నాకు తెలుస్తుంది. వాళ్ళకి చెప్పను.

నిప్పు లేనిదే పొగ రాదంటారు,
జనపనార గోదాము కాలడం చూడనివాళ్ళు.
బేళ్ళ కడుపులో నిప్పు మూడు రోజులు కనపడదు.
పొగ మాత్రం వస్తూనే ఉంటుంది.
ఆ పొగ తాగినవాళ్ళలో
ఆలస్టర్ డోర్వర్డ్ ఒకడు.

నవంబరులో వచ్చాడు, బిళ్ళ గుచ్చాడు,
టీలో మూడో చెంచా పంచదార వేసుకుంటూ
చెంచా వదిలేశాడు.
శుక్రవారానికి లేడు.

డిసెంబరు మంగళవారం.
చలికి టే నది సీసంరంగులో ఉంది.
కప్పులు కడిగాం, కోట్లు తొడుక్కున్నాం,
ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకున్నాం.
ఒకటి మిగిలింది.
అది అక్కడుందని అందరికీ తెలుసు,
పలకకేసి చూడకుండా కండువాలు చుట్టుకుంటున్నారు.

డాడ్ చూశాడు.
ఈమధ్య సొంత వీధి పేరు మరిచిపోతున్న డాడ్,
వేలుపెట్టి అక్షరం అక్షరం చదివి,
"లోపల ఒకడున్నాడు," అన్నాడు.
కోటు గుండీలు మెడదాకా బిగించాడు.
ఎనభై ఒకటో ఏట
వెళ్ళడానికి సిద్ధమై నిలబడ్డాడు.

చచ్చిపోయాడు కదా అని ఎవరూ అనలేదు.
లోగీ గొంతు సవరించుకుని
"గాలెంత మిగిలింది వాడికి?" అన్నాడు,
అచ్చం ఆనాటిలాగే.
మంగో కూడా విన్నాడు ఆ ప్రశ్న.

ఆపైన నా గొంతు దానంతటదే లేచింది.
పద్దెనిమిదేళ్ళుగా వాడని గొంతు.
"కంట్రోల్ నుంచి గౌర్లేకి.
డోర్వర్డ్ వెనకతలుపు గుండా బయటికొచ్చాడు.
లెక్క సరిపోయింది."

"ఎవరు చూశారు?"

"నేను విన్నాను."

అబద్ధం కాదు.
స్ట్రెచర్ చక్రాలు ఆ గడప మీద టక్కుమనడం విన్నాను.

డాడ్ చాలాసేపు నా మొహం చూశాడు.
బిళ్ళ పీకి నా చేతిలో పెట్టి,
"వచ్చినవాడు తన బిళ్ళ తనే తీసుకోవాలని చెప్పు,
ఎప్పుడూ ఇంతే వీడు," అని
మళ్ళీ కూర్చుని షార్ట్‌బ్రెడ్ అడిగాడు.
డబ్బా అప్పటికే ఖాళీ.
ఇన్నెస్ ఆ కోటుతోనే కొట్టుకి పరిగెత్తాడు.

బిళ్ళ నా సంచిలో ఉంది, బస్సు పాసు పక్కన.
వాళ్ళావిడ ఇసొబెల్‌కి ఇవ్వాలి.
ఈ ఆదివారం ఆమెకి కూడా ఫోను చేస్తాను,
మంటెక్కడని మాత్రం అడగను.