తోతాపురి గిటార్

తిరుపతిలో, తిలక్ రోడ్డులో, అద్దం వెనక ఉండాది అది.
ఎర్రది. నడుం దగ్గర నొక్కులు,
మెడ మీద ముత్యాల చుక్కలు.
మొదటి తూరి అడిగితే ముప్పై ఆరు వేలు.
బోనస్ చేతికొచ్చి బస్సెక్కి పోతే నలభై రెండు.
"డాలరు పెరిగిందమ్మా" అన్నాడు అంగడాయన.
ఇంకో తూరి "ఓడ కిరాయి" అన్నాడు.
నలభై ఎనిమిదైనప్పుడు ఏమీ అనలే,
పాత చీటీ మీద కొత్త చీటీ అంటించినాడు.
గోరుతో గీకి చూస్తి.
కింద ఇంకో చీటీ. దాని కింద ఇంకోటి.

నాది చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీలో పని.
సీజనంతా ఒళ్ళు మామిడి వాసన,
తల దువ్వుకుంటే దువ్వెన కూడా పులుపు.
గేటు బయట ట్రాక్టర్లు మూడేసి రోజులు నిలబడుంటాయి.
కిలో పన్నెండన్నారు, ఎనిమిదన్నారు.
నాలుక్కి దిగిన రోజు
చెంగల్రాయులు మామ లోడు తిప్పుకోని పోయి
కాలవ గట్టున పారబోసి,
ట్రాలీ కడుక్కోని ఇంటికొచ్చినాడు.
ఆ రాత్రి పండుకోని లెక్కేస్తి:
నలభై ఎనిమిది వేలు, కిలో నాలుగు.
పన్నెండు టన్నుల కాయ.
మామ తోట మొత్తం ఊడ్చినా అంత రాదు.

మరుసటేడు సగం తోట కొట్టించేసినాడు.
మామిడి చెక్కకు మర్యాద తక్కువ,
పెట్టెలకు పోతుంది, లేదంటే పొయ్యిలోకి.
ఒక పలక మాత్రం నేను దాచుకుంటి.
రెండేండ్లు అటక మీద ఆరినాక
ఏకాంబరం ఆచారి దగ్గరికి మోసుకోని పోతి.
కిటికీలు చేసే మనిషి ఆయన.
ఫోన్లో బొమ్మ చూపిస్తే కండ్లద్దాలు పైకి జరిపి
"దీనికి కడుపే లేదే, సప్పుడు యాడ్నుంచి వస్తాది?" అన్నాడు.
"కరెంట్లో నుంచి."
"అట్లయితే కూలి కరెంటాఫీసులో అడుక్కుంటా" అని
వారం పాటు చెక్కినాడు.

మెడేమో పాకాల చర్చిలో విరిగిన గిటారుది.
బిరడాలు ఆరు: మూడు ఒక జాతి, మూడు ఇంకో జాతి.
అయస్కాంతం తొమ్మిదొందలు, పార్సిల్లో వచ్చింది.
సౌండుకు, ఓట్లప్పుడు ఆటో మీద అరిచిన మైకుసెట్టు.
అంతా కలిపి మూడు వేల ఎనిమిదొందల నలభై,
ఆచారికి రెండు పూటల బిర్యానీ కాక.

అబద్ధం చెప్పను.
వానొస్తే మెడ వంగుతుంది, శ్రుతి జారుతుంది.
పక్కింట్లో ఫ్రిజ్జు మొదలైతే ఇది గురక పెడుతుంది.
పన్నెండో మెట్టు దాటితే పలకదు, మూలుగుతుంది.
మొన్న మళ్ళా తిలక్ రోడ్డుకు పోయి
అడిగి ఆ ఎర్రదాన్ని ఒళ్ళో పెట్టుకుంటి.
అరవై ఒకటి.
బాగుంది. నిజంగానే బాగుంది.
వేలు ఆనీ ఆనకముందే పలికింది.
తిరిగిచ్చేటప్పుడు చున్నీతో తుడిచి ఇస్తి,
నా జిడ్డు దానికి అంటుకోని ఉంటాదేమో అని.

నా దాంట్లో ఏ మర యాడ వదులో నాకు తెలుసు.
చీకట్లో కూడా స్క్రూడ్రైవర్ పోయి
దాని చోట్లో అది కూర్చుంటుంది.
షిఫ్టు దిగినాక మిద్దె మీద వాయిస్తా.
ఎడమ చేతి వేళ్ళ కొసల్లో ముందు బొబ్బలు,
తర్వాత తోలూడింది, తర్వాత గట్టిపడింది.
ఒక సాయంత్రం మామ నా చెయ్యి పట్టుకోని చూసి
"కాయలు కాసినాయే" అన్నాడు.
అన్నాక ఆయనే కాసేపు మాట్లాడలే.

నాలుగు వేళ్ళకు నాలుగు.
ఈ కాపుకు రేటు కట్టేవోడు ఏ గేటు కాడా లేడు.

పలకను వేలి కణుపుతో కొట్టి చూసినాడు మామ.
"బాయి కాడి చెట్టు ఇది" అన్నాడు.
"ఏదీ, వాయించు."
వైరు గుచ్చి స్విచ్చేస్తి.
వీధి వీధంతా కరెంటు పోయింది.

అయినా వాయిస్తి.
ఆయన వంగి
చెక్కకు చెవి ఆనించినాడు.