నలభై మూడో నంబరు

పొందూరు సెక్షనాఫీసులో చెదపట్టిన బీరువా ఖాళీ చెయ్యమన్నారు.
కొత్త ప్రీపెయిడ్ మీటర్ల పెట్టెలకి చోటు కావాలట.
నేను అవుట్‌సోర్సింగ్ మనిషిని,
చోటు చెయ్యడమే నా పని.

అడుగు అరలో ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకం:
నాగావళి ఎలక్ట్రిక్ సప్లై కంపెనీ లిమిటెడ్.
బోర్డుకి ముందు,
బోర్డు ముక్కలై కంపెనీలుగా పేర్లు మార్చుకోక ముందు,
మాచ్‌ఖండ్ నీళ్లు తీగలెక్కి కొండలు దిగక ముందు,
ఒక డీజిలింజను, ఒక రేకుల షెడ్డు,
తొమ్మండుగురు వాటాదార్లు.

ఒకటో నంబరు: కోటగిరి వారి బియ్యం మిల్లు.
రెండు: వారి లోగిలి.
మూడు: వారి గుర్రపుసాల.
గుర్రానికి దీపమెందుకని పుస్తకం అడగదు.

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా కరెంటు.
పదికి ఐదు నిమిషాలుందనగా
ఇంజను డ్రైవరు మస్తాను
మూడుసార్లు దీపాన్ని వంచి లేపేవాడు.
ఊరు దాన్ని 'మస్తాను దగ్గు' అనేది.
దగ్గు వినబడగానే కంచాలు కడిగేవారు,
పక్కలు పరిచేవారు,
చీట్లపేకలో ఓడిపోయేవాడు మాత్రం బతికిపోయేవాడు.

నలభై మూడు: బల్ల గురమ్మ, పట్టుసాలి వీధి.
వృత్తి, నూలు వడుకు.
ఒక్క బల్బు, ఇరవై అయిదు.

ఆ పేజీకి గుండుసూదితో గుచ్చిన ఉత్తరం.
రాసింది ఎవరో, వేలిముద్ర ఆవిడది.
"బాబూ,
వాలుగ చేప దవడతో దూది ఏకేటప్పుడు నాకు దీపం అక్కర్లేదు.
పోగు తీసేటప్పుడు అసలే అక్కర్లేదు.
దీపం ఉన్నంతసేపూ చెయ్యి కన్ను మాట వింటాది,
నూలు లావెక్కిపోతాది.
మా అబ్బి చదువుకుంటాడని పెట్టించినాను, ఆడు నిద్దరోతన్నాడు.
ఆర్పితే ఒక్కసారే ఆర్పండి.
మూడుసార్లు బెదిరిస్తే మూడుసార్లు పోగు తెగతాంది."
కింద గుమాస్తా పెన్సిలు: జవాబు అక్కర్లేదు.

తర్వాత కనెక్షను కోసేశారు.
బాకీ ఒక రూపాయి ఆరణాలు.
ఆ బాకీ పేజీ పేజీకీ నడిచింది.
అణాలు పోయి కొత్త పైసలొచ్చాక
రూపాయి ముప్పై ఏడయింది;
అర పైసా దార్లో ఎక్కడో రాలిపోయింది.
కంపెనీని బోర్డు కొనుక్కుంది,
ఇంజను తుక్కు కింద పోయింది,
మస్తాను వాచ్‌మన్ అయ్యాడు,
బాకీ మాత్రం బాకీగానే బోర్డు పుస్తకంలోకి ఎక్కింది.

వెనక పేజీల్లో స్తంభాల ఖర్చు.
గుంత ఒక్కంటికి మూడణాలు.
అరవై ఒక్క స్తంభాలు. అరవై ఒకటోది మా పేట మొదట్లో ఆగింది.
మా తాత తవ్విన గుంతలవి, నాన్నమ్మ చెప్పేది.
ఆయన పేరు వెతికాను. పేర్లు లేవు.
'కూలీలు, 14' అని ఉంది.
అరవై రెండో స్తంభం మా నాన్న పెళ్లయ్యాక వచ్చింది.

ఏఈ గారిని అడిగాను,
ఈ రూపాయి ముప్పై ఏడు ఏం చెయ్యమంటారని.
సర్‌చార్జీతో ఎంతయ్యుంటుందో చూడమని నవ్వారు.
పుస్తకం తుక్కు బస్తాలో వేశాను.
ఉత్తరం వెయ్యలేదు.

నిన్న రాత్రి పట్టుసాలి వీధిలో జంపరు తెగింది.
లైను క్లియరు ఇవ్వాలి, స్విచ్చు నా చేతిలో ఉంది.
ఒక్కసారే ఆర్పాను.

చీకట్లో చెవి ఒగ్గి నిలబడ్డాను,
ఎక్కడైనా రాట్నం తిరుగుతోందేమోనని.
అంతలోనే ఫోను మోగింది:
"ఏటి బాబూ, కరెంటు ఎప్పుడొస్తాది?"