పుచ్చుకున్నవారి సంతకం

పంతొమ్మిదేళ్లు
నా చేతులకి వేరే పనులుండేవి.
పినాకినిలో కిటికీ సీటు,
పాడే ఆవిడకి ఫ్లాస్కులో మిరియాల పాలు,
మృదంగం ఎడమ మూతకి గుప్పెడు బొంబాయి రవ్వ.
శాలువాలు బీసెంట్ రోడ్డులో,
డజను తీసుకుంటే ఒకటి ఊరికే ఇచ్చేవాడు.
కచేరీ అయ్యాక కవరు, వోచరు, రెవిన్యూ స్టాంపు.
పుచ్చుకున్నవారి గడిలో వాళ్లు,
ఇచ్చినవారి గడిలో నేను.

పోస్టరు మీద నా పేరెప్పుడూ లేదు.
అడుగున ఫోన్ నంబరు మాత్రం నాదే.

అంతకు ముందు గుంటూరు.
నర్సుల హాస్టల్ మేడ కింద గదిలో
దొరసాని ఎవరో వదిలిపోయిన పియానో.
డోర్కాస్ టీచరు వాటిని కీస్ అనేది కాదు,
మెట్లు అనేది.
"నల్లమెట్టు మీద జారకే కృపావతీ."
మిరపకాయల రోజుల్లో
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
ఆవిడ దగ్గేది, నేను తుమ్మేదాన్ని,
లెక్క మాత్రం తప్పనిచ్చేది కాదు.
నా బాధంతా ఉంగరపు వేలితోనే.
"దాన్ని అనామిక అంటారు,
పేరు లేదని అలిగి మూల కూచుంటుంది.
లేపు దాన్ని."

ఎందుకు మానేశావంటే
చెప్పడానికి పెద్ద కథేం లేదు.
బెజవాడలో ఒక సభవాళ్లు
ఒక్క కచేరీకి లెక్కలు రాసిపెట్టమన్నారు.
బాగా రాశాను.
అదీ నేను చేసిన పొరపాటు.

పోయినేడు ఏప్రిల్లో
గాంధీనగర్ హాలుకి
అద్దె పియానో లారీలో దిగింది,
గోనెపట్టాలు చుట్టుకుని, పెళ్లికూతురికి జ్వరమొచ్చినట్టు.
కలకత్తా నుంచి వచ్చినాయన
చివరి వరసలోకి పోయి నిలబడ్డాడు.
"ఎవరైనా ఏదైనా వాయించండి, మైకు వినాలి."

ఎవరైనా అంటే నేనే.
ఏదైనా అంటే,
ఆఖరి వేసవిలో టీచరు నేర్పిన
నెమ్మది నాట్యగతి ఒక్కటే చేతుల్లో మిగిలుంది.
ఎనిమిది ఆవర్తాలు.
"చాలు. మైకు బాగుంది."

మైకు బాగుంది.
వైర్లు చుడుతున్న మస్తాను
చుట్టడం ఆపేసి ఉన్నాడు.
"మిగతాది, మేడం?"

మిగతాదానికి పదకొండు నెలలు పట్టింది.
హాస్టల్ పియానో ఇంకా అక్కడే ఉంది,
లోపలి ఫెల్టు చిమటలకి పోగా.
మద్రాసు నుంచి ఎబినేజరు మనవడు వచ్చి
నాలుగు రోజులు దాని కడుపులో తల పెట్టి కూచున్నాడు.
మూడు మెట్లు ఇక పలకవన్నాడు.
వాటిని తప్పించుకునే ముక్కలు వెతుక్కున్నాను.
రోజూ ఆరింటి బస్సు, వారధి మీద కళ్లు మూసుకుని
ఒళ్లో హ్యాండ్‌బ్యాగు మీద వేళ్లు.
పక్కావిడ అడిగింది,
"టైపింగ్ పరీక్షా అమ్మా, ఈ వయసులో?"
అవునన్నాను.

మార్చి మొదటి శనివారం.
నలభై కుర్చీలు వేయించాను.
ముప్ఫై ఒకటి నిండాయని
వాయిస్తూనే లెక్కపెట్టాను, పాడు అలవాటు.
రెండో పేజీలో తప్పాను.
మూడో మెట్టు వరస దగ్గర
హాలు తలుపు గొళ్లెం పెట్టలేదని గుర్తొచ్చింది.
గాలి తిరిగింది.
వెనకెవరో దగ్గారు,
సరిగ్గా మౌనం రావలసిన చోట, లెక్క తప్పకుండా.
ఆ తర్వాత కుర్చీలు నాకు కనిపించలేదు.
అనామిక
ఎప్పుడు లేచిందో నేను చూడలేదు,
దాని పని అది చేసుకుపోతోంది.

టీ ఖర్చులు పోను పద్నాలుగు వందల అరవై.
మస్తాను వోచరు రాసి
నాలికతో తడిపి స్టాంపు అంటించి
పెన్ను చేతికిచ్చాడు.
చూడకుండానే సంతకం గీకేశాను.

"అక్కడ కాదు మేడం," అన్నాడు,
నల్లటి వేలు ఒక గడి పక్కకి జరిపి,
"ఇక్కడ."