ఏసీ నీళ్ల పుంటికూర

మా ఊళ్లె టార్చి సెల్లు సచ్చిపోతే
ఎండల పెట్టెటోళ్లం.
పెంకల మీద వరుసగా, వడియాల లెక్క.
పొద్దుగూకేసరికి ఇంకింత పానం,
బాయి కాడికి పోయి వచ్చేంత వెలుతురు.

ఇక్కడ ఎండే చంపుతది.
ఆగస్టు నెల షార్జాల
రెండేండ్లు నిండని బండి బ్యాటరీ
పార్కింగుల నిలవడ్డ కాడే కన్ను మూస్తది.
ఫోన్ మోగుతది. వ్యాన్ తీస్త.
బానెట్ లేపితే ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొకానికి.
ఇప్పేటప్పుడు ముందు మైనస్,
పెట్టేటప్పుడు ముందు ప్లస్.
ఈ పన్నెండేండ్లల్ల నేను తప్పని నియమం ఇదొక్కటే.

సచ్చినదాన్ని విసిరెయ్యం, పండవెట్టం.
పాలు తాగిన పిల్లను భుజానేసుకున్నట్టు
నిటారుగ ఎత్తుకోవాలె.
వంగితే కక్కుతది.
కక్కిన చుక్క అప్పుడు కనవడదు,
బట్టలు పిండిన నాడు
బనీను నిండ చుక్కల ఆకాశం.

సోమవారం కంపెనీ లారీ వచ్చి కొంటవోతది.
సీసం మల్ల సీసమైతదట,
డబ్బా మల్ల డబ్బా.
"మనిషికే లేదు ఆ వరం" అంటడు
మా ఫోర్‌మన్ సుధాకరన్, రసీదు చింపుతూ.

ముందుగాల ఇట్ల లేకుండె.
దాద్ మొహమ్మద్ అని ఒక బలూచీ.
గొడ్డలితోని నెత్తి మీద ఒక్కటేసి
లోపలి నీళ్లు గోడవారకు వంచెటోడు.
ఇసుక బుసబుస పొంగేది.
సీసం తూకానికి అమ్మేది,
డబ్బా చెత్తకుప్పకు.
రెండు మణికట్లు వాడిన కాడల లెక్క ఏలాడవడి
చాయ్ గిలాస పట్టరాక
ఆయన గ్వాదర్ పోయిండు.
ఆ ఇసుక ఎటూ పోలే.

లింబాద్రి వచ్చింది తర్వాత.
వానికేం తెల్సు.
ఏసీ పైపు బొట్టుబొట్టు కారే జాగల
డిచ్‌పల్లి నుంచి కాయితంల చుట్టుకొచ్చిన గింజలు చల్లిండు.
నేను మూడు నెలలు అజ్మాన్ బ్రాంచిల ఉండి వచ్చేసరికి
మోకాలెత్తు పుంటికూర!
ఎర్రటి కాడలు, చెయ్యంత ఆకులు.
"ఐతారం పప్పులేద్దామన్నా" అన్నడు.
రూముల ఏడుగురి నోట్లె నీళ్లూరినయి.
ఒకడు శనివారం రాత్రే ఎల్లిగడ్డ పొట్టు తీసి పెట్టుకున్నడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
మేం మాత్రం?
సెల్లు పలగ్గొట్టి, నల్ల మందును ఆకుపసరుల నూరి
బడి బోర్డుకు పూసినోళ్లమే.
ఆ చేతులతోనే జామకాయ తిన్నోళ్లమే.
ఎవ్వరు వద్దనలే. ఎవ్వరికి తెల్వదు.
ఇప్పుడు నాకు తెల్సు, గదే కష్టం.
ఆకు పులుపు ఆకుదే కావచ్చు,
వేరు ఏం తాగిందో ఆకు మీద రాసి ఉండదు కద.

నాలుగింటికి లేచి గ్లౌజులు తొడుక్కొని
వేర్లతోసహా పీకేసిన.
నల్ల సంచిల కుక్కి, మూతి కట్టి
బ్యాటరీల పక్కనే పెట్టిన, అదే లారీకి.

లింబాద్రి రెండు రోజులు మాట్లాడలే.
ఒట్టి పప్పు తిన్నరు అందరు, తలకాయ లేపకుండ.
మూడోనాడు వాని ముందల
నా చేతులు మణికట్టు కాడికి వదిలేసి చూపిచ్చిన,
దాద్ మొహమ్మద్ చేతుల లెక్క.
వాడు తన గిలాస దిక్కు చూసిండు.
మెల్లగ లేపి తాగిండు.

నిన్న పాలపొడి డబ్బా తెచ్చి ముందల పెట్టిండు.
రూమంతా ఏరిండట:
రిమోట్ సెల్లు, గడియారం బిళ్లలు,
రెండు చివర్లకు టేపు.
"నోర్లు కట్టినన్నా."
ఉబ్బిన ఫోన్ బ్యాటరీ మాత్రం
విడిగ, ఇసుక పోసిన గిన్నెల.

గోడవారకు సిమెంటు పోయిస్తనన్నడు సుధాకరన్.
ఇంక పోయించలే.

పెరుగు బకెట్‌ల నర్సరీ మట్టి నింపిండు లింబాద్రి,
పది దిర్హాములు పెట్టి కొన్న మట్టి.
కాయితంల ఆరో ఏడో గింజలు మిగిలినయి.
"ఎండల పెట్టాల్నా, నీడలనా అన్నా?"
ఏ ఊరి ఎండను లెక్కవెట్టి చెప్పాల్నో
ఇంక ఆలోచిస్తున్న.