గొంతు ఆగితే తాడు లాగాలి

అక్రోట్లు పగలగొడుతూ చెప్పింది ఎతేరి.
తలెత్తలేదు.
"నాలుగేళ్లయింది" అంది,
కింద పడ్డ పెంకు ఏరి పళ్లెంలో వేస్తూ.
"అలజాని నది నీళ్లు కొలవడానికొచ్చాడే, అతను.
నేను తెలావి వెళ్లిపోతున్నాను.
కాగితాల సంగతి బెజాన్ చూసుకుంటాడు."

నాలుగేళ్లంటే నాకు నాలుగు కోతలు.
వడగళ్లు పడ్డ ఏడు,
తేనెటీగలు చచ్చిన ఏడు,
వైను మరీ బాగా కుదిరి
ఊళ్లో వాళ్లు కుళ్లుకున్న ఏడు,
కిందటేడు.
నాలుగూ ఇద్దరం కలిసే రుచి చూశాం
ఒకే సొరకాయ బుర్ర గరిటెతో.
వాడికి మా బల్ల దగ్గర కుర్చీ లాగింది నేనే.
గ్లాసు ఖాళీ కానిచ్చానా?
ఈ దేశంలో అతిథి అంటే దేవుడు పంపినవాడు.
ఎవరు పంపారో కనుక్కోవాల్సింది.

మనిషి పోతే ఇల్లు పెద్దదవుతుందంటారు.
అబద్ధం.
ఎటు తిరిగినా ఏదో ఒకటి మోకాలికి తగులుతోంది.

సెప్టెంబరు ఆగుతుందా?
ద్రాక్షకి మన గొడవ పట్టదు.
కోతకి ముందు క్వెవ్రి కడగాలి.
మెడదాకా మట్టిలో పూడ్చిన మట్టి బాన,
నిలువెత్తు మనిషి మునిగేంత లోతు.
భుజాలు ముడుచుకుని మూతిలోంచి దూరి
చెర్రీ బెరడు కుంచెతో లోపలి గోడ తోమాలి.
అడుగున ఒక్కోసారి చెడ్డ గాలి ఉంటుంది,
వాసన రాదు, కంటికి కనపడదు,
మనిషిని జోకొట్టినట్టు పడుకోబెడుతుంది.
అందుకే దిగినవాడు పాడుతూనే ఉండాలి.
పైన ఒకరు తాడు పట్టుకుని వింటూ ఉండాలి.
గొంతు ఆగితే తాడు లాగాలి.

ఇరవై మూడేళ్లు ఆ తాడు ఎతేరి చేతిలో ఉంది.
చరణం మరిచి తడుముకుంటే చాలు,
ఒక్క గుంజు.
"ఉన్నావా?"
"ఉన్నా."
ఆ నాలుగేళ్లూ కూడా గుంజింది.
అదే నాకు కొరుకుడు పడదు.
ఊరికే ఉంటే సరిపోయేది కదా,
ఏ ఏడైనా.

ఈసారి తాడు కొస గడపకి కట్టి
ఒక్కణ్ణే దిగబోయాను.
ఎందుకని అడక్కండి, నేనూ అడగలేదు.

అప్పుడొచ్చింది పెపెలా, ఎతేరి తల్లి.
డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లకి ఉన్ని గుడ్డ,
చంకలో ముక్కాలి పీట.
కూతురి ఊసెత్తలేదు.
గడపకున్న ముడి విప్పి
తాడు తన నడుముకి చుట్టుకుంది.
కొవ్వొత్తి వెలిగించి లోపలికి దింపింది.
ఆరలేదు.
"దిగు. పాడు."
"ఈ ఏడు పాట రాదమ్మా."
"అయితే తిట్టు.
దాన్నే తిట్టు, నేను కన్నదాన్నే.
నోరు మాత్రం మూయకు."

దిగాను.
చీకట్లో తిట్ల కోసం తడుముకున్నాను.
దొరికినవి ఇవి:
పెరటి గేటు తాళంచెవి ఎక్కడ పెట్టి చచ్చావు?
నీలం స్వెట్టరు వదిలేసి పోయావు, చలికేం తొడుక్కుంటావు?
మందుల చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.
నీకు వెల్లుల్లి పడదని చెప్పావా వాడికి, సిగ్గులేనిదానా,
చెప్పావా?
తర్వాత మాటలు అయిపోయి
నాలుగేళ్లు నాలుగేళ్లు అని అరిచాను.
బాన ఒక్కోదాన్నీ రెండు చేసి
నా నెత్తినే పడేసింది.

"వినపడుతోంది" అంది పైన ముసలిది. "కానీ."

ఎక్కడో ఆగిపోయాను.
కుంచె చేతిలోనే ఉంది, నుదురు తడి గోడకి ఆనించి ఉంది.
ఎంతసేపో.
తాడు గుంజింది.
ఒక్క గుంజు, మణికట్టు కాస్త ఎడమకి తిప్పి.
ఎతేరి ఎవరి దగ్గర నేర్చుకుందో
ఇరవై మూడేళ్లలో నేనెప్పుడూ అడగలేదు.

"ఉన్నావా?"

జవాబుకి కాస్త టైం పట్టింది.
ఈలోగా బకెట్ పైకి లాగి
నీళ్లు వెలుగులో పట్టి చూసింది పెపెలా.
"ఇంకా ఎరుపు దిగుతోంది" అంది,
"తోము."