నలభై ఒక్క తెలుపులు

మిల్డురాలో రంగుల కొట్టు కుర్రాడు
కౌంటరు మీద తెలుపులు పరిచాడు,
పేకముక్కల్లా, నలభై ఒకటి.
ఒకదాని పేరు గుడ్డుపెంకు, ఒకదాని పేరు పాత ఉత్తరం,
ఒకదానికి ఏకంగా మౌనం అని పెట్టారు.
బయట ఎండ కూడా ఆ వేళ నలభై ఒకటే.

దాసుకి స్కాండినేవియన్ ఇల్లు కావాలి.
ఆ మాటకి నోరు తిరగడానికే నాకు వారం పట్టింది.
తెల్ల గోడలు, లేత చెక్క,
ఉన్నా లేనట్టుండే సోఫా,
కిటికీకి తెరైనా లేకుండా.
అడిలైడ్ నుంచి నాలుగున్నర గంటలు
కాళ్లు ఊడదీసిన బల్లని
డిక్కీలో పడుకోబెట్టి తెచ్చుకున్నాం.
బిగించాక ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.
బల్ల నిలబడే ఉంది,
దాని మీద బరువైందేదీ నేను పెట్టను.

కుర్చీ మీదకి గొర్రెతోలు కూడా కొన్నాడు.
పెట్టె మీద నార్డిక్ అని పెద్దక్షరాలు,
లోపలి చీటీలో చీమ తలకాయంత అక్షరాలు:
గొర్రె ఈ దేశానిదే.
అమ్ముడుపోవాలంటే పాపం
దానికీ వేరే ఊరి పేరు చెప్పుకోక తప్పలేదు.

మా నాన్న మోషేకి తెలుపు ఒక్కటే.
గుల్ల సున్నం, రాత్రంతా డ్రమ్ములో కుతకుతలాడేది.
తెల్లారి అందులో చిటికెడు నీలిమందు.
"తెలుపు తెల్లగా కనబడాలంటే
నీలం కాస్త అబద్ధమాడాలమ్మా" అనేవాడు.
క్రిస్మస్ ముందు నెలంతా
ఊళ్లో వాళ్ల గోడల మీదే ఉండేవాడు, నిచ్చెనతో సహా.
అందరి ఇళ్లూ అయ్యాక
అడుగున మిగిలిన నీళ్ల సున్నం మాకు.
ఎక్కడ ఆనుకున్నా వీపుకి అంటేది.
బళ్లో మమ్మల్ని వెనక నుంచి చూసి చెప్పేసేవాళ్లు
ఎవరి పిల్లలమో.

నాలుగు రోజులు, మూడు పూతలు.
దాసు టేపు అంటించాడు, రోలరు నాది.
నిచ్చెన ఎక్కుతుంటే
"నీకు ఇది ఎప్పుడొచ్చు?" అన్నాడు.
పుట్టుకతో, అన్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం
ఎండ లోపలికొచ్చి తోవ తప్పింది.
ఈ గోడకి కొట్టుకుని ఆ గోడకి,
ఆ గోడ నుంచి మా కళ్లల్లోకి.
దాసు ఇంట్లో కూచుని
నల్లద్దాలు పెట్టుకుని పప్పన్నం తిన్నాడు.

వెనకింటి తూరిద్‌కి ఎనభై రెండు.
నార్వేకి పైకొసన పుట్టిందట.
ఆవిడ హాలు నారింజ రంగు, పడగ్గది వంకాయ రంగు.
ఇల్లు చూద్దామని వచ్చి
గడపలోనే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"మాకు రెండు నెలలు సూర్యుడు రాడు.
మీరు కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకోరూ,
అలా మేం వెలుతురికి గోడలు పెట్టుకునేవాళ్లం.
మీకేం కరువొచ్చింది?"

దాసు నా వంక చూశాడు.
నేను టీ పెట్టడానికి లేచాను.
తిరిగొచ్చేసరికి
గొర్రెతోలు మీద కూచునుంది, చెమటలు కక్కుతూ,
ఆ బొచ్చులోకి అయిదు వేళ్లూ పోనిచ్చి.
ఫ్యాన్ పెంచబోతే వద్దంది.
టీ చల్లారింది.
గంటసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.
నలభై ఒకటిలో ఆ ఒక్క పేరూ
ఊరికే పెట్టలేదేమో.

రాత్రి దీపం తీసే ముందు
గోడకి గట్టిగా ఆనుకుని నిలబడ్డాను.
"నా వీపు చూడు" అన్నాను.
"ఏముంది? ఏమీ లేదే."
ఉండదు.
ఇది తడిగుడ్డతో తుడుచుకునే రకం,
ఎవరికీ అంటుకోనని
డబ్బా మీద పదేళ్లకి మాటిచ్చింది.

మర్నాడు కిటికీకి తెర కొన్నాం.
రంగు నేనే ఎంచాను, పల్చటి నీలం.
దాసు బల్లెక్కి కట్టాడు
(నేను పట్టుకునే ఉన్నాను).
దిగి, రెండడుగులు వెనక్కి వేసి
"గోడ ఇంకాస్త తెల్లబడిందేంటి?" అన్నాడు.