నడిమి ముక్క

పోర్టు మీద మూడో నంబరు ఎగరేశారు.
వేటకెళ్ళడానికి వీల్లేదు, ఇంటికెళ్ళడానికి మనసు లేదు.
జెట్టీకి కట్టిన బోటు
తాడును గొణుగుతూ లాగుతోంది.
ఐసుపెట్టె మూత బోర్లించి, చొక్కాతో తుడిచి
ఎల్లాజీ ముక్కలు కలిపాడు.

ఆరుగురం. ముక్కలు ఎనిమిది.
తలా ఒకటి, నడిమిలో రెండు.
నడిమివి ఎవరూ చూడకూడదు.
ఇస్పేటు జాకీ దొంగ.
ఆఠీను రాణికి ఒక్కరి ముక్క చూసే హక్కు.
జోకరొచ్చినవాడు ఏ ఇద్దరి ముక్కలైనా
చీకట్లో మార్చేయొచ్చు, చెప్పక్కర్లేదు.
మిగతావన్నీ ఎర్రవి. వట్టి కలాసీలు,
అరవడం తప్ప ఏమీ చేతగానివాళ్ళు.

"కళ్ళు ముయ్యండ్రా."

కళ్ళు మూస్తే బోటు పెద్దదవుతుంది.
డీజిలు వాసన, తడిసిన వల వాసన,
సరంగు చొక్కాలో ఆరిపోయిన బీడీ వాసన.
యారాడ కొండ మీంచి దీపస్తంభం వెలుగు
రెప్పల్ని ఎర్రగా తుడిచి పోతోంది.
"రాణీ, సూసుకో. జోకరూ, మార్సుకో."
ఎవరి గోరో మూత మీద గీరుకుంది.
ఎవరిదో ఊపిరి ఒక అడుగు ఇటు జరిగి
మళ్ళీ వెనక్కెళ్ళింది.

"తెరండి. మూడు నిమిషాలు."

నేను వంటోణ్ణి, ఈ బోటులో అందరికంటే చిన్నవాణ్ణి.
కళ్ళు మూసేముందు నేను డైమను ఏడు.
ఇప్పుడెవరినో నాకే తెలీదు.
తెలీకుండానే ప్రమాణాలు చేయాలి.

"నూకరాజే. సూడు, గుటక మింగినాడు."
"గుటక మింగితే దొంగయిపోతానేటి?"
"మరి నవ్వుతావేటి?"
"నవ్వకపోతే నవ్వలేదంటావు గదా!"
ఇంతవరకూ ఆటే.
వాన కూడా మాతో నవ్వుతున్నట్టే రేకు మీద పడుతోంది.

అప్పుడు మసేను, ముక్క మీంచి చెయ్యి తియ్యకుండా,
"దొంగెవడో తెల్దేటి.
రెండు డబ్బాల డీజిలు సంగతి
ఓనరు సెవిలో ఏసినోడే" అన్నాడు.

ఫోనులో అంకెలు తగ్గుతున్నాయి.
ఎవరూ ఎవరి పేరూ అనలేదు.
అయినా అందరి చూపులూ
సత్తీలు కాళ్ళకున్న కొత్త చెప్పుల దగ్గర ఆగాయి.
అతను చెప్పుల్ని మెల్లగా
పీట కిందికి లాక్కున్నాడు.
అదే తప్పయిపోయింది.

ఒకటి, రెండు, మూడు.
నాలుగు వేళ్ళు సత్తీలు వైపు లేచాయి.
నాకు తాడు అతకడం నేర్పింది అతనే.
మొదటి వేటలో కక్కుకుంటూ పడుంటే
నుదురు పట్టుకున్నదీ అతనే.
నాలుగు వేళ్ళు ముడుచుకున్నాక
బొటనవేలు ఎంతసేపు విడిగా నిలబడుతుంది?
నాదీ లేచింది.

సత్తీలు ముక్క తిప్పాడు.
ఎర్ర రెండు.

ఒక్కొక్కటే తిప్పాం.
నా డైమను ఏడు నా దగ్గరే ఉంది,
నన్నెవరూ మార్చలేదు.
జోకరు ఎల్లాజీది.
మసేను ముందు ఆఠీను రాణి.
ఆ రాణి ఎవరి ముక్క చూసిందో
ఎవరమూ అడగలేదు.
నడిమిలో, మా ఆరుగురి మోచేతుల మధ్య,
మొదట్నుంచీ కదలకుండా పడుంది
ఇస్పేటు జాకీ.

"టేంకులో కర్ర ముంచితే సాలు గదరా," అన్నాడు సరంగు
ఇంకా చాచే ఉన్న తన వేలు వైపు చూసుకుంటూ.
"ఓనరుకి మనిషి సెప్పాలేటి?"

సత్తీలు లేచాడు.
"కట్టు వదులైనట్టుంది, సూసొస్తాను."
కట్టు బిగువుగానే ఉంది. అందరికీ తెలుసు.
చెప్పులు పీట కిందే వదిలేసి
వానలోకి వెళ్ళాడు.

"ఇంకో ఆట," అన్నాడు నూకరాజు, గొంతు సవరించుకుని.
ఐదుగురికి ఎన్ని ముక్కలు తగ్గించాలో
ఎల్లాజీ లెక్కపెడుతున్నాడు.
"ఆరే ఏయి" అన్నాడు సరంగు.

వేశాడు.
హార్బరు మీంచి గాలి లోపలికి తిరిగింది.
మనిషి లేని ఆ ముక్క
ఒక అంచు లేపుకుని తిరగబడబోయింది.
నేను చూడలేదు.
బొటనవేలు దాని మీద పెట్టి
అలాగే కూర్చున్నాను.